ఒకే కాలేజీ, ఒకే సెక్షన్... మార్కులు మాత్రం ఎందుకింత తేడా?

ఉక్కునగరం_నాన్న | రాత్రి 11:48
అందరికీ నమస్కారం. మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, విశాఖలో గాజువాక వైపు ఓ ప్రైవేటు కాలేజీ. మా పక్క క్వార్టర్ వాళ్ళబ్బాయిదీ అదే కాలేజీ, అదే సెక్షన్. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తారు, ఒకే బస్సులో వస్తారు. పదో తరగతిలో ఇద్దరికీ ఇంచుమించు ఒకే మార్కులు. ఇప్పుడు కాలేజీ పరీక్షల్లో ఆ అబ్బాయి ఎక్కడికో వెళ్ళిపోయాడు, మావాడు పాస్ మార్కుల దగ్గర తచ్చాడుతున్నాడు. చిత్రమేంటంటే మావాడు రాత్రి ఒంటిగంట దాకా పుస్తకం ముందే ఉంటాడు. వాళ్ళింట్లో పదిన్నరకి లైట్లు ఆరిపోతాయి.

మా ఆవిడేమో బుర్రలో తేడా అంటుంది. మా అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా “హాస్టల్లో పడెయ్, వాళ్ళే చూసుకుంటారు” అంటాడు. హాస్టల్ అంటే లోన్ పెట్టాలి. పెట్టే ముందు అడుగుతున్నా: పరీక్షలో మార్కులు అసలు దేన్ని బట్టి వస్తాయి? పిల్లల్ని చదివించినవాళ్ళు, చదువు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఎంవీపీ_అమ్మ | ఉదయం 5:55
మా పాప బైపీసీ సెకండియర్, నీట్‌కి తయారవుతోంది. బుర్రలో తేడా అనే మాట పిల్లాడి చెవిన పడనివ్వకండి, ముందు అది ముఖ్యం. ఇంకోటి, ఒంటిగంటకి పడుకుని కాలేజీ బస్సు కోసం ఎన్నింటికి లేస్తాడు?

కామెడీ_చాలు | ఉదయం 7:20
పక్కింటోళ్ళబ్బాయి అనే జాతిని ముందు నిషేధించాలండి. మా చిన్నప్పటి నుంచీ ప్రతి కాలనీలో ఒకడుంటాడు.

రిటైర్డ్_లెక్కలసారు | ఉదయం 8:30
ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎన్ని గంటలు చదువుతున్నాడు అన్నది పక్కన పెట్టండి. ఎలా చదువుతున్నాడో చూడండి. ఒక చిన్న పని చేయండి: నిన్న రాత్రి ఏ లెక్క చదివాడో అడిగి, పుస్తకం మీరు తీసేసుకుని, అదే లెక్క తెల్లకాగితం మీద రాయమనండి. చెప్పమనకండి, రాయమనండి.

ఎందుకంటున్నానో చెప్తాను. స్పాట్ వాల్యుయేషన్‌కి ఏటా వెళ్ళేవాణ్ణి. నేను దిద్దిన రోజుల్లో లెక్కల పేపరు 75 మార్కులకి. అందులో 35 పెద్ద ప్రశ్నలవే, ఒక్కోటి ఏడు మార్కులు. మాత్రికల్లో మూడు సమీకరణాలు ఇచ్చి క్రేమర్ పద్ధతిలో సాధించమంటారు. పుస్తకంలో చూస్తే అంత తేలికైన లెక్క ఇంకోటి లేదనిపిస్తుంది. చూసి వదిలేసినవాడు పరీక్షలో డిటర్మినెంట్ చక్కగా వేస్తాడు, మొదటి పదం విస్తరిస్తాడు, రెండో పదం ముందు మైనస్ పెట్టడం మర్చిపోతాడు. చివరికి ఎక్స్ విలువ ఏదో వికారమైన భిన్నం వస్తుంది. పుస్తకంలో జవాబు ఎప్పుడూ ఒకటి, రెండు, మూడు అని ఉండేది కదా, కంగారు పడి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోతాడు. కొట్టేసిన ఆ పేజీలో స్టెప్పులకి వచ్చే మార్కులు ఉండేవి. ఇంట్లో చేత్తో రాసి, ఆ మైనస్ దగ్గర రెండుసార్లు దెబ్బ తిన్నవాడు పరీక్షలో అక్కడే ఆగి చూసుకుంటాడు.

జవాబు పత్రం రెండు పేజీలు తిప్పేసరికి తెలిసిపోయేది, వీడు చదివి వచ్చాడా, రాసి వచ్చాడా అని.

మధురవాడ_కోడర్ | ఉదయం 10:05
సారు చెప్పినదానికి పరిశోధన కూడా ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అని ఇద్దరు కాలేజీ విద్యార్థుల మీద చేశారు. చిన్న పాఠం ఇచ్చి కొందరితో రెండోసారి చదివించారు. మిగతావాళ్ళని ఒకసారి చదివాక చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందు: 81 శాతం, రాసినవాళ్ళు 75. వారం ఆగి పెడితే తిరగబడింది. చదివినవాళ్ళు 42, రాసినవాళ్ళు 56.

ఇందులో అసలు కిటుకు ఆ మొదటి అంకెలో ఉంది. మళ్ళీ మళ్ళీ చదివితే ఆ రాత్రికి నిజంగానే బాగా వచ్చినట్టుంటుంది. “వచ్చేసింది నాన్నా” అని పిల్లాడు చెప్పేది అబద్ధం కాదు. పరీక్ష ఆ రాత్రి లేదు, అంతే.

2013లో డన్‌లాస్కీ బృందం చదువు పద్ధతులు పదింటిని తీసుకుని, వాటి మీద వచ్చిన పరిశోధనంతా వడగట్టింది. తమకి తామే పరీక్ష పెట్టుకోవడం, ఒకే రోజు కుక్కకుండా రోజుల తేడాతో చదవడం, ఈ రెండింటికే పై మెట్టు ఇచ్చారు. గీతలు పెట్టడం, మళ్ళీ చదవడం అట్టడుగున ఉన్నాయి.

కామెడీ_చాలు | ఉదయం 10:15
మా చెల్లి పుస్తకంలో హైలైటర్ తగలని లైన్లు వెతుక్కోవాలి. ఈ పోస్ట్ దానికి చూపిస్తే నన్ను కొడుతుంది.

వన్‌టౌన్_టీచర్ | సాయంత్రం 6:40
అందరూ బల్ల, ఫ్యాన్, లైటు ఉన్న పిల్లాడి గురించే మాట్లాడుతున్నారు. నేను ప్రభుత్వ హైస్కూల్లో చెప్తాను. మా తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి, చురుకైన పిల్ల. తల్లి తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కొనుక్కుని వీధులమ్మట అమ్ముతుంది. తమ్ముణ్ణి లేపి, నీళ్ళు పట్టి, వాడికి ఇంత అన్నం పెట్టి బడికి తోలాక ఈ పిల్ల బయల్దేరుతుంది. మొదటి పీరియడ్ రోజూ పోతుంది. మా టైంటేబుల్లో మొదటి పీరియడ్ లెక్కలు. ఆ అమ్మాయికి లెక్కలు రావు అని మా స్టాఫ్ రూములో అంటారు! పీరియడ్ మార్చమని అడిగాను. ఇప్పుడు మొదటిది తెలుగు.

అమెరికాలో 1966లోనే కోల్‌మన్ నివేదిక చెప్పింది, బడిలో ఉన్న వసతులకన్నా ఇంటి పరిస్థితే మార్కుల్లో ఎక్కువ తేడా తెస్తోందని. పుస్తకం మూసి రాయాలంటే ముందు ఒక గంట ఎవరూ పిలవకుండా కూర్చునే చోటుండాలి కదా.

ఇంకో సంగతి. పదో తరగతి పరీక్ష 9:30 నుంచి 12:45 దాకా. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇస్తారు. ఆ పావుగంట ఏం చేయాలో చాలామంది పిల్లలకి ఎవరూ చెప్పరు, గోడలు చూస్తూ కూర్చుంటారు. మా పిల్లలతో ప్రీఫైనల్లో అదొక్కటీ పనిగట్టుకుని చేయిస్తాను: బాగా వచ్చినవాటికి టిక్కు, సగం వచ్చినవాటికి చుక్క, ఛాయిస్‌లో ఏది వదలాలో అప్పుడే నిర్ణయం. నెమ్మదిగా చదివే పిల్లకి దీంతో మిగిలే టైము చిన్నది కాదు.

ఉక్కునగరం_నాన్న | రాత్రి 11:30
అందరికీ ధన్యవాదాలు. సారు చెప్పినట్టు ఇందాకే చేయించాను. సగం దాకా గబగబా రాశాడు, అక్కడ ఆగిపోయాడు. “తెలుసు నాన్నా, నోటి చివర ఉంది” అంటాడు. పుస్తకం చూపిస్తే “ఇదే కదా” అని మిగతాది చకచకా చెప్పేశాడు.

ఎంవీపీ అమ్మగారూ, పొద్దున్న 6కి లేస్తాడు. బస్సు 7కి.

ఎంవీపీ_అమ్మ | ఉదయం 6:10
అంటే అయిదు గంటల నిద్ర. ఇంకో మాట అడుగుతా, ఏమనుకోకండి. మీ పేరు చూసి అడుగుతున్నా, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులా మీకు? బీ షిఫ్టు వారంలో ఇంట్లో భోజనాలెప్పుడు?

ఉక్కునగరం_నాన్న | ఉదయం 6:45
అవునండి. బీ షిఫ్టు రాత్రి పదింటికి దిగుతాం, ఇంటికి వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. నేను వచ్చాకే అందరం తింటాం. కాసేపు టీవీ, కబుర్లు. వాడు మళ్ళీ పుస్తకం పట్టేసరికి పదకొండున్నర. పక్కింటాయనది జనరల్ షిఫ్టు.

ఎంవీపీ_అమ్మ | ఉదయం 6:50
మీ తేడాలో సగం ఇక్కడే దొరికింది. పిల్లాడికి ఎనిమిదింటికి పెట్టేయమనండి. మీతో కూర్చోవాలని ఉంటే ఆదివారం ఉంది. నిద్రలోనే కదండీ చదివింది బుర్రలో కుదురుకునేది. మా పాపకి పదిన్నర తర్వాత పుస్తకం ఇవ్వను, ఏడ్చినా ఇవ్వను. ఫోన్ కూడా మా గదిలోనే ఛార్జింగ్. దీనిమీద మా ఇంట్లో జరిగిన యుద్ధం ఇక్కడ రాయలేను.

రిటైర్డ్_లెక్కలసారు | ఉదయం 8:15
అమ్మ చెప్పింది పక్కా. ఇంటర్ పరీక్ష పొద్దున్న 9కి మొదలవుతుంది. అర్ధరాత్రి చురుగ్గా ఉండి తొమ్మిదింటికి ఆవులించే అలవాటు పడితే, ఆ మూడు గంటలు ఎవరిచ్చి తీరుస్తారు? ఆదివారం ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చి సరిగ్గా 9కి కూర్చోబెట్టండి, 12కి లాక్కోండి. మధ్యలో టీ, ఫోను, “నాన్నా ఒక్క డౌటు” ఏవీ వద్దు. మన ఊళ్ళో మార్చి ఉక్క తెలిసిందే కదా, చెమటకి కాగితం చేతికి అంటుకుంటుంది. అదీ అలవాటు కావాలి, ఏసీ గదిలో కూర్చోబెట్టకండి.

దువ్వాడ_బ్రదర్ | ఉదయం 9:30
ఇవన్నీ సరే గానీ హాస్టల్లో వేస్తే ఈ గొడవలేవీ ఉండవు. మా అబ్బాయిని వేశాం. పొద్దున్న అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు. ఇంట్లో అంత క్రమశిక్షణ ఎవరు పెడతారు? పేరు చెప్పమంటే చెప్తా, ఆ కాలేజీ...

మోడరేటర్ | ఉదయం 9:50
కాలేజీల పేర్లు వద్దు, మెచ్చుకోలుకీ వద్దు, తిట్టడానికీ వద్దు. పేరు తీసేశాను. చర్చ కొనసాగించండి.

మధురవాడ_కోడర్ | ఉదయం 11:20
లోన్ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్తా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. 180 ఊళ్ళు తీసుకుని, లాటరీలో గెలిచిన పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే వాళ్ళ టైంటేబుల్లో హిందీ ఉంది. బడి మారితే పిల్లాడు మారిపోడు, ఏది ఎంతసేపు చెప్తున్నారో అది మారుతుంది.

రిటైర్డ్_లెక్కలసారు | ఉదయం 11:55
అది చిన్న తరగతుల పిల్లల మీద చేసింది నాయనా. దాన్ని తెచ్చి ఇంటర్ హాస్టల్‌కి అంటగట్టకు. అక్కడ పోటీ వేరు, సిలబస్ వేరు.

వన్‌టౌన్_టీచర్ | మధ్యాహ్నం 1:10
ఆ ప్రయోగం గురించి మా ట్రైనింగ్‌లో విన్నాను. రెండో సగం ఎవరూ చెప్పరు, నేనే చెప్తాను: ప్రైవేటు బడులకి ఒక్కో పిల్లాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే అంత తక్కువ ఖర్చుతో అదే ఫలితం తెచ్చారు. మాకది చురక. టీచర్ల జీతాల తేడా అందులో ఎంత ఉందో కూడా మాట్లాడుకోవాలనుకోండి, అది వేరే చర్చ.

పాడేరు_టు_ఏయూ | రాత్రి 9:15
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, నాదీ ఒక మాట. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. బడిలో తెలుగు. పది దాకా తెలుగు మీడియం గురుకులం, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం. ఫిజిక్స్ నాకు వచ్చు. ప్రశ్న అర్థమయ్యేది కాదు. “డిరైవ్ యాన్ ఎక్స్‌ప్రెషన్” అంటే ఏం చేయమంటున్నాడో తెలియక ఆ పాఠంలో నాకు తెలిసిన సూత్రాలన్నీ వరసగా రాసి వచ్చేవాణ్ణి. పేపరు నిండేది, మార్కులు పడేవి కావు.

హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. రోజూ రాత్రి ఒకణ్ణి లేపి, పాఠం తెలుగులో మాకందరికీ చెప్పించేవాడు. తడబడితే కూర్చోబెట్టి ఇంకొకణ్ణి లేపేవాడు. చెప్పాక అదే ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాల్లో రాయాలి. పాత పేపర్లలో ప్రశ్నల్లో వచ్చే క్రియలన్నీ ఏరి గోడకి అంటించాడు, డిఫైన్ అంటే ఇది, స్టేట్ అంటే ఇది, డిస్టింగ్విష్ అంటే రెండు కాలమ్స్ గీయాలి అని. నేను ఇవాళ ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) ఎమ్మెస్సీ చదువుతున్నానంటే ఆ గోడ వల్లే.

హాస్టల్ మంచిదా చెడ్డదా అంటే, ఆ అన్న ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టే అంటాను.

వన్‌టౌన్_టీచర్ | రాత్రి 9:40
తమ్ముడూ, ఆ క్రియల జాబితా ఉంటే ఇక్కడ పెట్టగలవా? మా పిల్లల కోసం అడుగుతున్నా.

పాడేరు_టు_ఏయూ | రాత్రి 9:44
రేపు టైప్ చేసి పెడతాను మేడమ్.

మద్దిలపాలెం_గర్ల్ | రాత్రి 10:20
సెకండియర్ ఎంపీసీ. అన్నీ వచ్చినా హాల్లో టెన్షన్‌కి మర్చిపోయేవాళ్ళ సంగతేంటి? నాకు ప్రశ్నపత్రం చేతికిచ్చే ముందు చేతులు చల్లబడిపోతాయి. పరీక్ష ముందు భయాలన్నీ కాగితం మీద రాస్తే మార్కులు పెరుగుతాయని రీల్స్‌లో చూశాను. నిజమా?

మధురవాడ_కోడర్ | రాత్రి 10:45
అది 2011లో రమీరెజ్, బైలాక్ చేసిన పరిశోధన. పరీక్ష ముందు 10 నిమిషాలు భయాలు రాసినవాళ్ళు బాగా చేశారని వచ్చింది. కానీ 2018లో అలాంటి పేరున్న ప్రయోగాలు 21 తీసుకుని మళ్ళీ చేసి చూస్తే, నిలబడనివాటిలో ఇదీ ఒకటి. రాస్తే నష్టం లేదు, దానిమీద భారం వేయకు.

రిటైర్డ్_లెక్కలసారు | రాత్రి 10:58
అమ్మా, చేతులు చల్లబడటం మామూలే, కొద్దిపాటి టెన్షన్ ఉండాలి కూడా. బాగా వచ్చిన ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టు, పెద్దదానితో వద్దు. మొదటి అయిదు నిమిషాలు చెయ్యి కదిలితే మనసు దానంతటదే దారిలోకి వస్తుంది. ఇంట్లో గడియారం పెట్టుకుని రాసిన పేపర్లు ఎన్ని ఉంటే హాల్లో కొత్త అంత తగ్గుతుంది. అయితే టెన్షన్ మరీ ఎక్కువై నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం దాకా వస్తే ఇంట్లో చెప్పు, డాక్టర్‌కి చూపించుకోవడంలో సిగ్గేమీ లేదు.

ఎంవీపీ_అమ్మ | రాత్రి 11:02
పరీక్షని బట్టి తెగింపు కూడా మారాలి పిల్లలూ. నీట్‌లో తప్పుకి ఒక మార్కు పోతుంది, తెలియనిది వదిలేయాలి. ఏపీ ఈఏపీసెట్‌లో (ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ఎంట్రన్స్) 160 ప్రశ్నలు, 3 గంటలు, నెగెటివ్ లేదు. ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలకూడదు. ఈ రెండూ రాసే పిల్లలు ఒకదాని అలవాటు ఇంకోదానికి తీసుకెళ్ళి నష్టపోతున్నారు.

దువ్వాడ_బ్రదర్ | రాత్రి 11:10
ఇంటర్ మార్కులెందుకు, ఎంట్రన్స్ ర్యాంకు వస్తే చాలదా అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్‌ఐటీ సీటు కావాలన్నా ఇంటర్‌లో 75 శాతం ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకి 65), లేకపోతే బోర్డులో టాప్ 20 పర్సంటైల్, అంటే పై 20 శాతం మందిలో ఉండాలి. మా హాస్టల్లో ఈ సంగతి మొదటి రోజే చెప్పారు.

ఉక్కునగరం_నాన్న | రాత్రి 11:35
హాస్టల్ సంగతి ఈ ఏడాదికి ఆపాను. భోజనం ఎనిమిదింటికి మార్చాం, మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంది. ఇంకో చిక్కు తెలిసింది. వారం వారం టెస్టు మార్కులు మా ఫోన్‌కి మెసేజ్ వస్తాయి గానీ, దిద్దిన పేపరు పిల్లాడి చేతికి రావడం లేదట. ఎక్కడ తప్పు పోయిందో వాడికీ తెలియదు. ఇవాళ కాలేజీకి వెళ్ళి అడిగితే శనివారం వచ్చి చూసుకోమన్నారు. సార్, నేను పదో తరగతి, ఐటీఐ. ఆ పేపర్లలో నేను ఏం చూడాలి?

రిటైర్డ్_లెక్కలసారు | ఉదయం 7:50
లెక్కలు రానక్కర్లేదు మీకు. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మార్కు పోయిన ప్రతిచోటా ఒక్కటే అడగండి: “ఇది అసలు తెలియదా, తెలిసీ గుర్తు రాలేదా, గుర్తొచ్చి రాయడంలో పోయిందా?” వాడు చెప్పింది పక్కన పెన్సిల్‌తో రాయండి. తెలియనివి లెక్చరర్‌ని అడగాలి. గుర్తు రానివి పుస్తకం మూసి రాయాలి, వారం తర్వాత మళ్ళీ రాయాలి. రాయడంలో పోయినవాటికి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించి ఆ తప్పులే ఎక్కించండి, మైనస్ మర్చిపోయాను, యూనిట్లు వేయలేదు, ప్రశ్న నంబరు తప్పు వేశాను అని. పరీక్ష ముందు రోజు గైడు బదులు ఆ నోట్‌బుక్ తిరగేస్తే చాలు. అలాగే చివర్లో ఎన్ని ప్రశ్నలు ముట్టుకోకుండా వదిలాడో చూడండి. అది ఎక్కువుంటే సమస్య చదువుది కాదు, వేగానిది.

మద్దిలపాలెం_గర్ల్ | ఉదయం 8:05
సార్, మా చెల్లి బైపీసీ. దానికీ ఇదే పద్ధతా?

రిటైర్డ్_లెక్కలసారు | ఉదయం 8:12
ఇదే. కాకపోతే బొమ్మలు కూడా చూడకుండా గీయించాలి. బొమ్మ అందంగా రాకపోయినా ఫర్వాలేదు, భాగాల పేర్లు మాత్రం ఒక్కటీ పోకూడదు.

పాడేరు_టు_ఏయూ | ఉదయం 8:30
టీచర్ మేడమ్, జాబితా కొత్త పోస్ట్‌లో పెట్టాను. ఇంకేవైనా క్రియలు తగిలితే అందరూ అక్కడే కలపండి.